1001 దగ్గర కనిపించిన పీక్

రాత్రి తొమ్మిది దాటింది. ల్యాబ్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. స్క్రీన్ మీద గీత ఎడమ నుంచి నెమ్మదిగా పాకుతూ వచ్చి 1001 దగ్గర సూదిలా లేచింది. దానికి ముందు 621 దగ్గర ఒక చిన్నది, తర్వాత 1031 దగ్గర ఇంకోటి, 1600 దాటాక మరొకటి. పట్టిక తీసి చూశాను. ఫినైల్ అలనిన్! ప్రోటీన్లలో ఉండే అమైనో ఆమ్లం. బంగారం పూత పూసిన చిప్ మీద నేను వేసింది లైసోజైమ్ అనే ప్రోటీన్ చుక్క. ఎనిమిది నెలలుగా దేనికోసం తంటాలు పడుతున్నానో అది దొరికిందనుకున్నాను. ప్రింట్ తీసి డెస్కు ముందు గోడకి అంటించి, నా గైడ్ మేడమ్‌కి మెసేజ్ పెట్టి వెళ్ళి పడుకున్నాను. నిద్ర మాత్రం పట్టలేదు, సంతోషంతో.

అది ప్రోటీన్ కాదు. మరేమిటో తేలడానికి అయిదు వారాలు పట్టింది.

మొదట్నించీ చెప్తాను. ఏదైనా పదార్థం మీద లేజర్ వేస్తే చెదిరిన కాంతిలో దాదాపు అంతా వచ్చిన రంగులోనే పోతుంది. ఏ కోటి ఫోటాన్లలో ఒకటో మాత్రం అణువును ఊపి, ఆ ఊపుకి కావలసిన శక్తిని అక్కడే వదిలేసి, కాస్త రంగు మారి బయటికొస్తుంది. ఎంత మారిందో కొలిస్తే అణువులో ఏ భాగం ఊగిందో తెలుస్తుంది. సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ 1928లో కలకత్తాలో పట్టుకున్నది దీన్నే. లేజర్లు లేని కాలంలో మొదట సూర్యకాంతితో, రంగు ఫిల్టర్లతో దాన్ని కంటితో చూశారంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. నేను చెప్పే 1001, 735 లాంటి అంకెలు ఆ రంగు మార్పు కొలతలే. సెంటీమీటరుకి ఎన్ని తరంగాలు అన్న లెక్కలో చెప్తారు, దాన్నే వేవ్‌నంబర్ అంటారు.

కోటిలో ఒకటి అన్నది గ్లాసు నిండా ద్రవం ఉన్నప్పుడు సరిపోతుంది. నీళ్ళలో లేశమాత్రంగా కలిసిన ఒక జీవాణువును పట్టాలంటే ఏమీ కనిపించదు. అక్కడే లోహపు ఉపరితలం అవసరం పడుతుంది. బంగారం, వెండి మీద నానోమీటర్ల స్థాయిలో గరుకు ఉంటే, కాంతి తగలగానే లోహంలోని ఎలక్ట్రాన్లు మూకుమ్మడిగా ఊగుతాయి. మొనల దగ్గర, రెండు బొడిపెల మధ్య సందుల్లో విద్యుత్ క్షేత్రం బాగా పెరుగుతుంది. రామన్ సంకేతం ఆ పెరుగుదలకి సుమారుగా నాలుగో ఘాతంలో పెరుగుతుంది. క్షేత్రం పది రెట్లయితే సంకేతం పదివేల రెట్లు, ముప్పై రెట్లయితే ఎనిమిది లక్షల రెట్లు. గోరంతను కొండంత చేయడం అంటే అక్షరాలా ఇదే. ఆ సందుల్ని హాట్‌స్పాట్లు అంటాం, మొత్తం పద్ధతిని సెర్స్ (సర్ఫేస్ ఎన్‌హాన్స్‌డ్ రామన్ స్కాటరింగ్) అంటాం. అయితే ఆ గోరంత ఎవరిదని ఉపరితలం అడగదు. మనం వేసిన అణువుదా, గ్లౌజు నుంచి అంటిన మురికిదా అన్న తేడా దానికి లేదు. ఈ ముక్క నాకు మొదటి రోజే చెప్పారు. తల ఊపాను. ఊపడం వేరు, ఎక్కడం వేరు.

ఈ పద్ధతి పుట్టుకలోనూ ఇలాంటి కథే ఉంది. 1974లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో ఫ్లైష్‌మన్, హెండ్రా, మెక్విలన్ అనే ముగ్గురు గరుకు చేసిన వెండి ఎలక్ట్రోడ్ మీద పిరిడిన్ అనే రసాయనం రామన్ సంకేతం చాలా బలంగా రావడం చూశారు. గరుకు వల్ల వైశాల్యం పెరిగి ఎక్కువ అణువులు అంటుకున్నాయని అనుకున్నారు. 1977లో అమెరికాలో జీన్‌మెయిర్, వాన్ డైన్, ఇంగ్లండ్‌లోనే ఆల్బ్రెక్ట్, క్రైటన్ విడివిడిగా లెక్క కట్టి, వైశాల్యం ఎంత పెరిగినా లక్ష రెట్లు, పది లక్షల రెట్లు రాదని చెప్పారు. కళ్ళెదుట ఉన్న పీక్ నిజమే, దానికి చెప్పిన కారణం సరిపోలేదు. మూడేళ్ళు పట్టింది ఆ తేడా బయటపడడానికి. నావి అయిదు వారాలేగా అని అప్పుడప్పుడు సర్దిచెప్పుకుంటాను.

నాకిచ్చిన పని ఇది. 600 నానోమీటర్ల వ్యాసం ఉన్న పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ గుళికల్ని సిలికాన్ ముక్క మీద ఒకే ఒక్క పొరగా పరిచి, పైన 200 నానోమీటర్ల మందాన బంగారం పూత వేయాలి. గుళికల పైన బంగారం బొడిపెలు బొడిపెలుగా నిలుస్తుంది, వాటి మధ్య సందులే మన హాట్‌స్పాట్లు. గుళిక సైజు మారిస్తే ఏ రంగు కాంతికి ఉపరితలం బాగా స్పందిస్తుందో మారుతుంది. మా లేజర్ 785 నానోమీటర్లది, దానికి 600 సైజు నప్పుతుంది. ఎలక్ట్రాన్ కిరణంతో ఒక్కో ఆకారం చెక్కించుకోవడం కంటే ఇది ఎంతో తేలిక, పెద్ద విస్తీర్ణంలో వస్తుంది. కాగితం మీద తేలిక.

గుళికలు పాలలా తెల్లని ద్రవంలో వస్తాయి. అందులో సగానికి సగం ఇథనాల్ కలిపి, ఏటవాలుగా పెట్టిన గాజు ముక్క మీదుగా నీళ్ళ మీదకి చుక్కచుక్కగా జార్చాలి. గుళికలు నీటి మీద తేలుతూ ఒకదాన్నొకటి ఆనుకుని పొరగా కడతాయి. ఒక మూల డిటర్జెంట్ చుక్క వేస్తే పొర రెండో పక్కకి నొక్కుకుని బిగుస్తుంది. కుదిరితే నీళ్ళ మీద నెమలి పింఛం రంగులు మెరుస్తాయి. కుదరకపోతే బూడిద రంగు తెట్టు. మొదటి నెలన్నర నాకు తెట్టే వచ్చింది. చేతి వేగం, ఇథనాల్ పాళ్ళు, గిన్నె శుభ్రత, ఏసీ గాలి ఎటు కొడుతోంది అన్నది కూడా లెక్కే. మా సీనియర్ అన్న ఒకరు నా వెనక నిలబడి చూసి, "నువ్వు చుక్క వేసేటప్పుడు ఊపిరి వదుల్తున్నావు, బిగబట్టు" అన్నారు. నవ్వొచ్చింది. బిగబట్టాను. రంగులొచ్చాయి. అది ఊపిరి మహిమో, అంతలో చేయి తిరిగిందో ఇప్పటికీ చెప్పలేను.

పొర కిందకి సిలికాన్ ముక్కను ముంచి, మెల్లగా పైకెత్తితే గుళికలు దాని మీదకి వచ్చి కూర్చుంటాయి. సిలికాన్‌ని ముందే ఆక్సిజన్ ప్లాస్మాలో పెట్టి నీరు బాగా పరుచుకునేలా చేయాలి, లేకపోతే పొర చిరుగుతుంది. ఆరిన ముక్కల్ని వాక్యూమ్ ఛాంబర్‌లో తలకిందులుగా బిగించి, కింద బంగారాన్ని కరిగించి ఆవిరి చేస్తాం. సెకనుకి 0.1 నానోమీటరు చొప్పున, 200 రావడానికి అరగంట దాటుతుంది. తొందరపడి వేగం పెంచితే వేడికి కింది గుళికలు మెత్తబడతాయని అన్న హెచ్చరించారు. ఈ మాట గుర్తుంచుకోండి. నేను పెట్టుకోలేదు.

పూత పడ్డాక చిప్ చూడ్డానికి ముదురు కెంపు రంగులో, కాస్త వంచితే ఆకుపచ్చగా ఉంటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పెడితే తేనెపట్టులా ఆరు మూలల వరసలు. అక్కడక్కడా వరస తప్పిన గీతలు, ఒక గుళిక లేచిపోయిన గుంట. ఆ బొమ్మను ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాను.

చిప్ పనిచేస్తోందా లేదా చూడ్డానికి మెర్కాప్టోబెంజోయిక్ ఆమ్లం వాడతారు. దాని ఒక కొసన గంధకం ఉంటుంది, అది బంగారాన్ని గట్టిగా పట్టుకుంటుంది. చిప్‌ని ఆ ద్రావణంలో ముంచి, బాగా కడిగి కొలిస్తే 1078, 1587 దగ్గర రెండు స్తంభాల్లాంటి పీక్‌లు. ఒక్క అణువు మందం పొర నుంచి అంత సంకేతం! అదే ద్రావణాన్ని మామూలు నున్నటి బంగారం మీద కొలిస్తే గీత పడుకునే ఉంది. ఆ రోజు సెర్స్ మీద నాకు నిజంగా నమ్మకం కుదిరింది. కొంచెం ఎక్కువే కుదిరిందేమో.

ఎంత పెంచుతోంది అన్న లెక్క కూడా కట్టాను. పది లక్షల రెట్లు వచ్చింది. ఈ అంకె గురించి ఒక మాట. లేజర్ మచ్చ కింద ఎన్ని అణువులున్నాయో ఎవరూ లెక్కపెట్టి చూడరు, వైశాల్యం ఊహించి భాగిస్తారు. ఊహ మారితే అంకె అటో ఇటో పది రెట్లు జరుగుతుంది. అందుకే ఇంత పెంచాం, అంత పెంచాం అన్న గొప్పలు వినిపించినప్పుడు ముందు కింద దేంతో భాగించారో చూడడం అలవాటు చేసుకున్నాను.

చిల్లర తప్పులు చాలానే చేశాను. లేజర్ శక్తి 10 మిల్లీవాట్లు పెట్టి, ఎక్కువ కాంతి ఎక్కువ సంకేతం అనుకున్నాను. వచ్చినవి 1350, 1580 దగ్గర రెండు వెడల్పాటి గుట్టలు. అది మాడిన బొగ్గు. శాంపిల్‌ని కాల్చేసి, ఆ మసి స్పెక్ట్రం, అంటే దాని గీత, తీసుకున్నానన్నమాట. తర్వాత 1 మిల్లీవాట్ దాటనివ్వలేదు. ఇంకోసారి చుక్క ఆరేటప్పుడు కరిగినదంతా అంచుకి చేరి ఉంగరం కట్టింది. నేను మధ్యలో కొలిచి ఏమీ లేదని రాసుకున్నాను. రోజూ ఉదయం ఉత్త సిలికాన్ ముక్క పెట్టి, దాని పీక్ 520.7 దగ్గర ఉందో లేదో సరిచూసుకోవడం మాత్రం ఎప్పుడూ మానలేదు. ఈ ఒక్క మంచి అలవాటే తర్వాత నన్ను గట్టెక్కించింది.

ఇక లైసోజైమ్ దగ్గరికి వస్తాను. దాన్ని ఎంచుకోవడానికి కారణం అది చిన్న ప్రోటీన్ కావడం, 129 అమైనో ఆమ్లాలే ఉండడం, దాని గురించి తెలియనిదంటూ పెద్దగా లేకపోవడం. చిప్‌ని ఇథనాల్‌తో, శుద్ధి చేసిన నీళ్ళతో కడిగి, తడి పోవాలని హాట్‌ప్లేట్ మీద 110 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఆరబెట్టేదాన్ని. చల్లారాక, బఫర్ అనే ద్రావణంలో కరిగించిన ప్రోటీన్ చుక్క వేసి, అరగంట ఆగి, కడిగి కొలిచేదాన్ని. ఆ రాత్రి వచ్చిన 1001 పీక్ తర్వాతి మూడు చిప్‌ల మీదా వచ్చింది. తిరిగి తిరిగి వస్తోంది కాబట్టి నిజమే అనుకున్నాను.

మేడమ్ మర్నాడు గోడ మీది ప్రింట్ ముందు చాలాసేపు నిలబడ్డారు. నేను మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నాను. ఆవిడ అడిగింది ఒకటే. "లైసోజైమ్‌లో ట్రిప్టోఫాన్‌లు ఎన్ని?"

ఆరు అన్నాను.

"ఫినైల్ అలనిన్‌లు?"

మూడు.

"మూడు ఇంత గట్టిగా అరుస్తుంటే ఆరు నోరు మెదపవేం?"

ట్రిప్టోఫాన్ కూడా ఒక అమైనో ఆమ్లమే, అది 760 దగ్గర, 1550 దగ్గర కనిపించాలి. నా గీతలో అక్కడ ఏమీ లేదు. ప్రోటీన్ వెన్నెముక తాలూకు వెడల్పాటి గుట్ట 1650 ప్రాంతంలో రావాలి. అదీ లేదు. నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. సెర్స్‌లో లోహానికి దగ్గరగా, సరైన దిశలో ఉన్న భాగమే కనిపిస్తుంది, కాబట్టి ఫినైల్ అలనిన్ ఉన్న వైపు బంగారాన్ని ఆనుకుని కూర్చుందేమో అన్నాను. ఈ వాదన తప్పు కాదు, నిజంగానే అలా జరుగుతుంది. సెర్స్‌లో ఉన్న చిక్కు అదే. పీక్ ఎందుకు వచ్చిందో, ఎందుకు రాలేదో చెప్పడానికి మర్యాదైన కారణం ఎప్పుడూ ఒకటి చేతిలో ఉంటుంది.

"సరే, పలచన చేసి చూడు" అన్నారు.

పది రెట్లు పలచన చేశాను. పీక్ అంతే ఉంది. వంద రెట్లు చేశాను. అంతే ఉంది. దీనికీ నా దగ్గర జవాబుంది: ఉపరితలం నిండిపోయింది, ఇక పెంచినా తగ్గించినా తేడా రాదు. ఆ జవాబు రాసుకుంటూ ఉండగా నాకే ఎక్కడో గుచ్చుకుంది. వంద రెట్లు పలచన చేశాక కూడా నిండిపోతుందా?

బ్లాంక్ చేయలేదా అని మీరు అడగొచ్చు. చేశాను. అదే అసలు తమాషా. ప్రోటీన్ లేని చిప్‌ని కొలిచి, గీత శుభ్రంగా ఉందని నోట్‌బుక్‌లో తేదీతో సహా రాసుకున్నాను. మేడమ్ ఆ పేజీ చూసి, "ఈ చిప్‌ని ఏం చేశావు?" అన్నారు. డబ్బాలోంచి తీసి నేరుగా కొలిచాను అన్నాను. "దీన్ని కడగలేదు, ఆరబెట్టలేదు, బఫర్ వేయలేదు. శాంపిల్ నడిచిన దారంతా నడవని బ్లాంక్ బ్లాంకెలా అవుతుంది?" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండు అనిపించింది.

ఈసారి ఒక చిప్‌ని కడిగి, హాట్‌ప్లేట్ మీద పెట్టి, ప్రోటీన్ లేని బఫర్ చుక్క వేసి, అరగంట ఆగి, మళ్ళీ కడిగి, కొలిచాను.

1001. 1031. 621. 1602. అన్నీ ఉన్నాయి.

గోడ మీద ప్రింట్ చింపేద్దామని లేచాను. ఎందుకో ఆగి, దాన్ని అలాగే ఉంచి కూర్చున్నాను. ఇప్పుడు ప్రశ్న మారింది. ప్రోటీన్ కాకపోతే ఇదెవరు? బఫర్ సీసా మార్చాను, ఉంది. నీళ్ళు మార్చాను, ఉంది. గ్లౌజులు మార్చాను, పిపెట్ టిప్‌లు మార్చాను, ఉంది. రెండు వారాలు ల్యాబ్‌లో కనిపించిన ప్రతి ప్లాస్టిక్ వస్తువునీ అనుమానించాను. టెన్షన్‌తో సరిగ్గా తిండి కూడా తినలేదు. జూనియర్లు నన్ను చూసి పక్కకి తప్పుకునేవాళ్ళు, ఎక్కడ వాళ్ళ గ్లౌజుల బాక్స్ లాక్కుంటానో అని.

దారి దొరికింది ఆ ఉదయపు అలవాటు వల్ల. చిప్ మీద ఒక చదరం గీసి, 20 వరసలు, వరసకి 20 చుక్కలు, మొత్తం 400 చోట్ల స్పెక్ట్రం తీయించాను. 1001 ఎక్కడ బలంగా ఉందో రంగుల పటంలో వేసుకుంటే చదరమంతా లేదు. సన్నటి వంకర చారల్లో ఉంది. ఆ చారల మీది ఒక స్పెక్ట్రం విడిగా తెరిచాను. ఎడమ కొసన, ఎప్పుడూ చూడని మూలలో, నేను రోజూ పలకరించే 520.7 కూర్చుని ఉంది. సిలికాన్!

200 నానోమీటర్ల బంగారం కింద ఉన్న సిలికాన్ కనిపించకూడదు. అంత మందం పూతని లేజర్ దాటదు. కనిపిస్తోందంటే అక్కడ బంగారం పగిలింది. 520కి ఇంకో పటం వేశాను. రెండు పటాలూ ఒకదాని మీద ఒకటి పెడితే చార మీద చార సరిపోయింది. బంగారం పగిలిన చోట కింద సిలికాన్ ఉంది. సిలికాన్‌కీ బంగారానికీ మధ్య ఏముంది?

గుళికలు. పాలీస్టైరీన్. దాని ముఖ్యమైన పీక్ 1001. తోడుగా 621, 1031, 1602.

ఫినైల్ అలనిన్‌కీ పాలీస్టైరీన్‌కీ పోలిక కాకతాళీయం కాదు. రెండింటిలోనూ ఒక గొలుసుకి వేలాడే బెంజీన్ వలయం ఉంది. ఆ వలయం మొత్తంగా ఉబ్బి ముడుచుకునే ఊపే ఈ పీక్. ప్రోటీన్‌లో అది 1003 దగ్గర, గుళికలో 1001 దగ్గర. రెండు వేవ్‌నంబర్ల తేడాని నేను నిజానికి మొదటి రాత్రే చూశాను. ఉపరితలం మీద కూర్చుంటే కాస్త జరగడం మామూలే అని సరిపెట్టుకున్నాను. పాలీస్టైరీన్ ఏదో అపరిచితం కూడా కాదు. రామన్ యంత్రాల్ని సరిచూసుకోవడానికి వాడే ప్రామాణిక పదార్థాల్లో అది ఒకటి. మా యంత్రం పక్క సొరుగులోనే దాని ముక్క ఉంది.

పగుళ్ళు ఎందుకొచ్చాయన్నది ఇక తేలికే. పాలీస్టైరీన్ 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. నేను 110 దగ్గర పది నిమిషాలు కాల్చాను. కింద గుళికలు అణిగి ఒకదానికొకటి అతుక్కుంటే పైన బంగారం ముడతలు పడి చీలింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే తేనెపట్టు మధ్యలో ఎండిన చెరువులా బీటలు. అన్న చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆయన పూత వేసేటప్పటి వేడి గురించి చెప్పారు, నేను ఆరబెట్టేటప్పటి వేడికి దాన్ని అన్వయించుకోలేదు. తడి ఆరడానికి నైట్రోజన్ గ్యాస్ ఊదితే రెండు నిమిషాల పని.

హాట్‌ప్లేట్ మానేసి మళ్ళీ బ్లాంక్ చేశాను. గీత పడుకుంది. ఒక పీక్ లేకపోవడం చూసి అంత ఆనందపడ్డ రోజు నాకింకోటి లేదు.

మేడమ్ అంతటితో వదల్లేదు. లేజర్ కూడా వేడి చేస్తుంది కదా, ఎంత తగ్గించినా ఎప్పుడో ఒకచోట గుళిక మెత్తబడుతుంది, కాబట్టి సిలికా, అంటే గాజు లాంటి పదార్థం, గుళికలకి మారమన్నారు. సిలికా వేడికి చలించదు, దాని రామన్ సంకేతం కూడా నీరసంగా ఉంటుంది. కాకపోతే పాలీస్టైరీన్ నీళ్ళంత బరువే, తేలుతుంది. సిలికా దాదాపు రెండింతలు బరువు, మునుగుతుంది. నెలన్నర పట్టి నేర్చుకున్న నీటి మీది విద్య అక్కడికి చెల్లిపోయింది. చిప్‌ని గిర్రున తిప్పుతూ పొర పరిచే పద్ధతికి మారి, వేగాలు కుదుర్చుకోడానికి ఇంకో మూడు వారాలు. వరసలు మునుపంత అందంగా రావు. వాల్‌పేపర్ మార్చలేదు.

మరి లైసోజైమ్ కనిపించిందా అంటే, కనిపించింది, చాలా బలహీనంగా, గాఢత బాగా పెంచితేనే. ప్రోటీన్ పెద్దది, హాట్‌స్పాట్ సందు ఇరుకు. పెంపు బలంగా ఉండేది బంగారానికి ఒకటి రెండు నానోమీటర్ల లోపలే, అది దాటితే గబగబా పడిపోతుంది. ప్రోటీన్‌లో ఏ మూల ఆ పరిధిలోకి వచ్చిందో అదే మాట్లాడుతుంది, మిగతాది మౌనం. లేబుల్ ఏదీ తగిలించకుండా ప్రోటీన్‌ని నేరుగా పట్టాలన్న నా మొదటి ప్లాన్‌ని పక్కన పెట్టి, చిన్న అణువు అడినైన్‌కి దిగాను. డీఎన్ఏలోని నాలుగు అక్షరాల్లో ఒకటి. బంగారాన్ని బాగా అంటుకుంటుంది, 735 దగ్గర వలయం ఊగే పీక్ బలంగా వస్తుంది. డీఎన్ఏ సెర్స్ స్పెక్ట్రంలో ఎక్కువగా వినిపించే గొంతు కూడా దీనిదే.

ఇక్కడ పలచన పరీక్ష పనిచేసింది. గాఢత తగ్గిస్తే పీక్ తగ్గింది. పైకి పోతే ఒక చోట నిజంగానే నిండిపోయి గీత చదునైంది. నేను లైసోజైమ్‌కి చెప్పిన సాకు ఇక్కడ వాస్తవంగా కనబడింది, మధ్యలో వాలు ఉంది కాబట్టి నమ్మాను. చోటు చోటుకీ తేడా మాత్రం విసిగించింది. ఒకే చిప్ మీద పక్కపక్క చుక్కల్లో పీక్ ఎత్తు 35 శాతం వరకూ ఊగేది. ఒక్క చోట కొలిచి అంకె చెప్పడం మానేసి, వంద చోట్ల సగటు తీయడం మొదలుపెట్టాక చిప్‌కీ చిప్‌కీ తేడా 15 శాతం దగ్గరికి దిగింది. మెర్కాప్టోబెంజోయిక్ ఆమ్లాన్ని కొంచెం ముందే అంటించి, దాని 1078తో అడినైన్ 735ని భాగించే ఉపాయం కూడా ప్రయత్నించాను. భాగహారం బాగానే ఉంది కానీ ఆ ఆమ్లమే మంచి సీట్లన్నీ ఆక్రమించుకుని అడినైన్‌కి చోటు లేకుండా చేసింది. పాళ్ళు తగ్గించి తగ్గించి, రెండూ సర్దుకునే చోటు వెతకడం ఒక పనైపోయింది.

ఈ మధ్య రక్తపు సీరమ్ మీదకి వచ్చాం. ప్రోటీన్లు వడకట్టి తీసేశాకే చిప్ మీద వేస్తాం, లేకపోతే అవే ముందుగా వెళ్ళి బంగారాన్ని కప్పేస్తాయి. మొన్న కొత్తగా చేరిన తమ్ముడు ఒక స్పెక్ట్రం పట్టుకుని పరుగున వచ్చాడు. 636 దగ్గర దివ్యంగా ఒక పీక్. "అక్కా, మనం వెతికే గుర్తు, మన మార్కర్ ఇదే అయ్యుంటుందా?" అన్నాడు. కళ్ళు మెరుస్తున్నాయి. బ్లాంక్ ఫైల్ అడిగాను. తెచ్చాడు. అదే బ్యాచ్ చిప్, అదే ఫిల్టర్, అదే కడుగుడు, సీరమ్ బదులు బఫర్. అందులో 636 లేదు. అంటే చిప్‌ది కాదు, ఫిల్టర్‌ది కాదు, సీరమ్‌దే.

యూరిక్ ఆమ్లం అయ్యుంటుందని చెప్పాను. ఎవరి సీరమ్‌లోనైనా ఉంటుంది, బంగారం మీద, వెండి మీద అన్నిటికంటే ముందు అదే పలుకుతుంది. విడిగా యూరిక్ ఆమ్లం కొలిచి పక్కన పెట్టి చూడమన్నాను. వాడి మొహం వాడిపోయింది. గోడ మీది నా ప్రింట్ చూపించాను. దాని అంచున మేడమ్ ఎర్ర పెన్నుతో రాసిన "ఆరు నోరు మెదపవేం?" ఇంకా ఉంది. అదేంటని అడిగాడు. చెప్పడానికి అరగంట పట్టింది. తర్వాత ఇద్దరం కూర్చుని, అదే స్పెక్ట్రంలో 725 దగ్గర ఉన్న బొడిపె ఉత్త హైపోజాంథిన్ అనే ఇంకో చిన్న అణువుదా, దాని భుజం మీద 735 దగ్గర అడినైన్ కూడా దాక్కుందా అన్నది విడదీయడం మొదలుపెట్టాం. ఇంకా తేలలేదు.